“ఒక అంగుళం” అని రాసుంటే నమ్మి కొనకండి

సంప్‌తో (ట్యాంకు కింద పెట్టే, పంపు ఉండే తొట్టి) అక్వేరియం కట్టుకుంటున్నవాళ్లు ఇది చదివి ఆర్డర్ పెట్టండి. నా నాలుగడుగుల ట్యాంకుకి సంప్ నుంచి నీళ్లు తిరిగి పైకి పంపే “1 అంగుళం రిటర్న్ లైన్ కిట్టు” అని ఆన్‌లైన్లో ఒకటి తెప్పించాను. ట్యాంక్ నిపుల్ (ట్యాంకు కన్నంలో బిగించేది), రెండు ఎల్బోలు (మలుపు ముక్కలు), బాల్ వాల్వు, యూనియన్ (విప్పి బిగించుకునే జాయింటు), మీటరు పైపు. అన్నిటి మీదా అంగుళమనే ఉంది. కొంప ముంచింది అదే.

మన దగ్గర అంగుళం పైపులు మూడు రకాలు. పొలాల్లో వేసే మామూలు పీవీసీకి బయటి కొలత 32 మి.మీ. ఇళ్లలో వాడే షెడ్యూల్ 40, షెడ్యూల్ 80 (గోడ మందాన్ని బట్టి పేర్లు) యూపీవీసీకి 33.4. వేడినీళ్ల సీపీవీసీకి 28.6. కౌంటర్లో అడిగితే మూడూ అంగుళమే! నాకొచ్చిన కిట్టులో పైపు, నిపుల్ 32వి. ఎల్బోలు, వాల్వు 33.4వి. పైపు ఎల్బోలోకి వెన్నలా దిగిపోతే, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. అసలు అక్కడే అనుమానం రావాలి. సాకెట్ (ఎల్బోలో పైపు దూరే చోటు) లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, సరైన జోడీ అయితే సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పూయకముందు పైపు మధ్యలోనే బిగుసుకోవాలి. అడుగుదాకా జారిపోయే పైపుకి ఎంత సొల్యూషన్ పూసినా ఆ సందు పూడదు.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రాత్రి ఎల్బో ఊడింది. పంపు తన అరలో ఉన్న నీళ్లన్నీ హాల్లోకి తోడేసి, తర్వాత ఉత్తగా తిరిగి కాలిపోయింది. చేపలు బతికాయి. కింది ఫ్లాట్ ఆంటీ సీలింగ్ మీద మరక మాత్రం ఇంకా ఉంది, లిఫ్ట్‌లో కనబడితే తల దించుకుంటున్నాను.

యూనియన్‌కి ఇంకో జబ్బు. పంపు మర బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత), దీనిది ఎన్‌పీటీ (అమెరికా కొలత). అంగుళం సైజులో బీఎస్‌పీకి అంగుళానికి 11 చుట్లు, ఎన్‌పీటీకి పదకొండున్నర. మొదటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత మొరాయిస్తుంది. టెఫ్లాన్ టేపు చుట్టి రెంచ్‌తో తిప్పారా, పగిలేది ప్లాస్టిక్కే. అర, ముప్పావు అంగుళాల్లో రెండిటికీ 14 చుట్లే కాబట్టి మోసం ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

అమ్మినాయన జవాబు: “సొల్యూషన్ పూసిన సరుకు వాపసు తీసుకోం, ఎం-సీల్ పెట్టుకోండి.”

రెండోసారి కొన్నప్పుడు చిన్న పైపు ముక్క, వర్నియర్ (మిల్లీమీటర్లలో కొలిచే పరికరం) పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. పైపు నుంచి వాల్వు దాకా ఒకే కంపెనీ, ఒకే రకం, అన్నీ అక్కడే పొడిగా బిగించి చూసుకున్నాకే డబ్బులిచ్చాను. కుర్రాడు విసుక్కున్నాడు, విసుక్కోనివ్వండి. మర ఉన్న చోటికి ఇత్తడి మర ఉన్న ముక్క ఇవ్వబోయాడు, వద్దన్నాను. ఇత్తడిలో రాగి ఉంటుంది, అది రొయ్యలకి పడదు, నా దగ్గర రొయ్యలున్నాయి.

ఆ కిట్టు ఇప్పటికీ అదే పేరుతో అమ్మకానికుంది. వివరాల్లో మిల్లీమీటర్ల ముక్క ఎక్కడా లేదు.