క్రూయిజ్ కంట్రోలా, థ్రాటిల్ లాకా?

కర్నూలు నుంచి అనంతపురం దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు మోటారు సైకిల్ నడిపితే కుడి మణికట్టు తిమ్మిరెక్కుతుంది. దానికి క్రూయిజ్ కంట్రోల్, థ్రాటిల్ లాక్ అని ఉపాయాలు రెండున్నాయి గానీ, రెండూ ఒకే పని చేస్తాయనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

పనితీరు: క్రూయిజ్ కంట్రోల్ మనం ఎంచుకున్న వేగాన్ని తానే అలాగే కొనసాగిస్తుంది. థ్రాటిల్ లాక్ యాక్సిలరేటర్ పిడిని మాత్రమే పట్టి ఉంచుతుంది కాబట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు బండి మందగిస్తుంది, పల్లం దిగేటప్పుడు మనం కోరకుండానే వేగం పుంజుకుంటుంది.

ఖర్చు: లాక్ కొన్ని వందల రూపాయల నుంచి దొరుకుతుంది. క్రూయిజ్ సాధారణంగా అపాచీ ఆర్‌టీఆర్ 310 వంటి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్‌కు బదులు సెన్సర్‌తో పనిచేసే యాక్సిలరేటర్) ఉన్న బండ్లతోనే వస్తుంది.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే ఉంది. బ్రేకు గానీ క్లచ్చు గానీ నొక్కగానే క్రూయిజ్ తప్పుకుంటుంది. లాక్ తప్పుకోదు, బ్రేకు వేసినా ఇంజను లాగుతూనే ఉంటుంది. గుత్తి దగ్గర ఒక సాయంత్రం గొర్రెల మంద రోడ్డెక్కినప్పుడు, మొదట పిడిని తిప్పి మూసి ఆ తర్వాతే బ్రేకు అందుకోవలసి వచ్చింది. ఆ అర క్షణం నాకింకా గుర్తుంది. అందుకే చేత్తో తిప్పితే సులువుగా మూసుకునే రకాన్నే కొనాలి. బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, పిడి ఎక్కడా పట్టేయడం లేదని చూసుకోవాలి.

నెలకు నాలుగైదుసార్లు దూరం వెళ్లేవారు, కొత్త బండి కొనబోయేవారు క్రూయిజ్ ఉన్నదే తీసుకోవడం మంచిది. యాక్సిలరేటర్ కేబుల్‌తో పనిచేసే పాత బండితో ఎప్పుడో ఒకసారి ప్రయాణించేవారికి, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద కాసేపు చేయి విదిలించుకోవడానికి లాక్ చాలు. ఊళ్లలో, ఘాట్‌లో, వానలో రెండూ వద్దు.