పూల్ పంపు దగ్గర డబుల్ యూనియన్ బాల్ వాల్వు: కొనొచ్చా?

కొనాలి. పిడి తిప్పి నీటిని ఆపే ఈ వాల్వుకి రెండు వైపులా విప్పదీసే నట్లు (యూనియన్లు) ఉంటాయి. మామూలు వాల్వు పాడైతే పైపు కోయక తప్పదు. దీనికి ఆ రెండు నట్లు విప్పి మధ్య భాగం మారిస్తే చాలు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొనేముందు పైపు కొలవండి: రెండంగుళాల పైపు బయటి వ్యాసం 60.3 మి.మీ., మెట్రిక్ (మి.మీ. కొలత) పైపుది 63. పైపులు అతికించే సిమెంటు (జిగురు) ఎంత పూసినా ఇవి కలవవు. అతికించకముందే నట్టును పైపుకి ఎక్కించాలి, చాలామంది మరిచేది అదే. సిమెంటు పూసిన పైపును దూర్చి, పావు చుట్టు తిప్పి అర నిమిషం కదలకుండా పట్టుకోండి. 24 గంటలయ్యాకే పంపు వేయండి.

ఓ-రింగుకి (నట్టు లోపల నీరు కారకుండా ఆపే రబ్బరు రింగు) సిలికాన్ గ్రీజే వాడాలి. వాజలీన్ రబ్బరును ఉబ్బిస్తుంది. నట్టును చేత్తో బిగిస్తే చాలు, పైపు రెంచి పడితే నట్టు చీలుతుంది. సక్షన్ వైపు (పంపు నీటిని లాగే వైపు) ఓ-రింగు సరిగా కూర్చోకపోతే నీరు కారదు, గాలి లాగుతుంది, పూల్‌లోకి బుడగలొస్తాయి.

లోపం ఒక్కటే: బోరు నీటి సున్నం పట్టి పిడి బిగుసుకుంటుంది. పంపు ఆపి, నెలకోసారి తిప్పుతుండండి.