శ్రీమంతానికి స్టీలు సామాను అద్దెకి తెచ్చాం, ఎలా ఉందంటే

మా చెల్లి శ్రీమంతానికి ఈసారి పేపర్ ప్లేట్లు, డిస్పోజబుల్ గ్లాసులు, చిన్న వాటర్ బాటిళ్ళు ఏవీ వద్దని ఇంట్లో పట్టుబట్టి స్టీలు సామాను అద్దెకి తెచ్చాను. మా ఏరియాలో, అంటే వైజాగ్ బీచ్‌కి దగ్గర్లోనే, డ్వాక్రా ఆడవాళ్ళు కొంతమంది కలిసి నడుపుతున్నారు, బోర్డు కూడా లేదు, ఒక ఇంటి కింద షెడ్డులో సామాను పెట్టుకున్నారు. 150 మందికి చెప్పాం. వాడినవాళ్ళు ఎవరైనా ముందే రాసి ఉంటే నాకు పనికొచ్చేది కదా అనిపించి రాస్తున్నా.

అంత పట్టుదల ఎందుకంటే, రెండేళ్ళ కిందట మా గృహప్రవేశానికి 200 మంది భోంచేశారు, ఎంగిలి ప్లేట్లు గ్లాసులు అన్నీ మూటలు కట్టి ఇచ్చాం, చెత్త బండికి వేస్తారనుకున్నాం, తీరా చూస్తే తీసుకెళ్ళినతను వెనకున్న గెడ్డలో, అంటే వాగులో, పోసేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రే వాన. పొద్దున్న మేడ మీంచి చూస్తే మా గ్లాసులే వరసగా తేలుకుంటూ పోతున్నాయి. మన ఊళ్ళో గెడ్డ ఎన్ని వంకలు తిరిగినా చివరికి సముద్రంలోకే. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు, నిజంగా.

తర్వాత ఒకసారి జాలరిపేట వైపు వాకింగ్‌కి వెళ్తే అలివి వల లాగుతున్నారు, చేపలకంటే కవర్లే ఎక్కువ కనపడ్డాయి, వాళ్ళు ఒక్కొక్కటీ ఏరి ఒడ్డున పారేస్తున్నారు. అందులో ఒక టీ కప్పు తీసి చూశాను, పేపర్ కప్పే. కాగితం నాని పీచులు పీచులుగా ఊడి వచ్చేసింది, లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర మాత్రం కప్పు ఆకారంలోనే నా చేతిలో ఉండిపోయింది. పేపర్ కప్పు కదా పర్లేదులే అనుకునేదాన్ని అప్పటిదాకా.

2022 జూన్ 5 నుంచి వైజాగ్‌లో సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధం, జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు బంద్, ఆగస్టులో బీచ్ క్లీనప్ పెట్టి ఒక్క పూటలో 76 టన్నుల చెత్త తీశామన్నారు. తీసినవాళ్ళకి దండం పెట్టాలి, కానీ మా ఇంట్లో ఫంక్షన్ అయితే ఆ కుప్పలో మా వంతు పడకుండా చూసుకోవాల్సింది మేమే కదా.

సరే సర్వీసు సంగతి. సెట్టుకి 7 రూపాయలు, అందులో ఒక కంచం, రెండు గిన్నెలు, గ్లాసు, స్పూను, కడగడం కూడా వాళ్ళదే. డిపాజిట్ 2000, ఆటో ఖర్చు మనది. పోయినసారి డిస్పోజబుల్స్‌కి, బాటిళ్ళకి కలిపి దీనికంటే ఎక్కువే పెట్టాం. కంచాలు తళతళలాడుతున్నాయి, నేను కావాలనే నాలుగైదు తీసి వాసన చూశాను, సబ్బు వాసన గానీ జిడ్డు గానీ లేదు. పైగా బరువైన కంచం కాబట్టి దప్పళం పోస్తే వంగిపోదు, చేత్తో పట్టుకుని నిలబడి తినేవాళ్ళకి కూడా హాయిగా ఉంది. మా పెద్దమ్మ ఐతే ఎన్నాళ్ళకి కంచంలో పెట్టారే అని మళ్ళీ పనసపొట్టు కూర వేయించుకుంది.

నీళ్ళకి 20 లీటర్ల టిన్నులు తెప్పించి కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ముల్లో పోయించాం. ఇక్కడే కాస్త ఇబ్బంది పడ్డాం, ఒకళ్ళు తాగిన గ్లాసు పక్కన పెట్టేసి మళ్ళీ కొత్తది తీస్తారు, పిల్లలైతే చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం రెండింటికే గ్లాసులు అయిపోయాయి. కడిగేది ఇద్దరే, పంతి పంతికీ అందించలేకపోయారు, మా బాబాయి కొడుకులు చొక్కాలు మడిచి కూర్చుని కడిగారు పాపం. సామాను కూడా తొమ్మిదింటికి రావాల్సింది పదిన్నరకి వచ్చింది, అప్పటికి మా అమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. ఆఖర్న లెక్క చూస్తే 6 గ్లాసులు, 11 స్పూన్లు తక్కువొచ్చాయి, డిపాజిట్‌లో పట్టుకున్నారు, అది న్యాయమే. నేనైతే 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటీ లేటుకి.

అడ్డాకుల విస్తర్లు వాడొచ్చుగా అని అడిగారు చాలామంది. మన్యం ఏజెన్సీ ఊళ్ళ నుంచి వచ్చే, పుల్లలతో కుట్టినవి దొరికితే బంగారంలా వాడొచ్చు, కానీ బజార్లో కొన్నింటికి కింద ప్లాస్టిక్ షీటు అంటించి అమ్ముతున్నారు, తిరగేసి చూసి కొనండి.

ఫంక్షన్ అయ్యాక మిగిలిన చెత్త ఎంతో తెలుసా, కూరగాయల తొక్కలు, అరిటాకు ముక్కలు, ఒక చిన్న కవరుడు పాల ప్యాకెట్లు. అంతే. మాఘమాసంలో చేశాం, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన బీచ్‌కి వచ్చి గుడ్లు పెట్టే రోజులవి, కవరు కనిపిస్తే జెల్లీ ఫిష్ అనుకుని మింగేస్తాయట పిచ్చి ప్రాణులు. ఆ సాయంత్రం గెడ్డ పక్కనుంచే ఇంటికి నడిచొచ్చాం, మనసు తేలిగ్గా ఉంది.

తీసుకోవాలనుకుంటే ముహూర్తాల రోజుల్లో రెండు వారాల ముందే చెప్పండి, మంది ఎంతో గ్లాసులు దానికి రెట్టింపు అడగండి, కడగడానికి ఇంకో మనిషి కావాలని ముందే మాట్లాడుకోండి. మేము బారసాలకి అడ్వాన్స్ ఇచ్చేశాం, 100 సెట్లు, 200 గ్లాసులు, టైము మాత్రం ఎనిమిదింటికే అని చెప్పాం.