మంచినీళ్లకి నల్ల పైపు: వంగడం తక్కువ, నమ్మకం ఎక్కువ

విజయవాడ కృష్ణలంకలో మా కుళాయి వీధి గుమ్మం దగ్గర, డ్రమ్ములేమో వంటింటి వెనక. పైపు లేకపోతే మాకు పొద్దు గడవదు. ఇన్నాళ్లూ అందరిలాగే మెత్తటి పచ్చ పీవీసీ పైపు వాడాం. ఈ వేసవిలో దాన్ని తీసేసి, వన్‌టౌన్‌లో బోరు సామాన్ల కొట్లో 20 ఎంఎం హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) నల్ల పైపు మీటర్ల లెక్కన కోయించి తెచ్చుకున్నాను.

ఎందుకంటే, కొత్తలో ఎటు తిప్పితే అటు తిరిగిన పచ్చ పైపు ఎండలకి బిరుసెక్కి, వంచితే పుటుక్కున పగిలింది. పీవీసీ స్వతహాగా గట్టి ప్లాస్టిక్. మెత్తబడటానికి అందులో సాధారణంగా థాలేట్లనే నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్‌తో గట్టిగా ముడిపడి ఉండవు, ఎండకీ కాలానికీ మెల్లగా బయటికొచ్చేస్తాయి. మరి మా పైపు పోగొట్టుకున్న మెత్తదనం ఎటు పోయినట్టు? కొంత గాల్లోకి పోయినా, కొంత మా డ్రమ్ములోకే కదా!

ఈ థాలేట్లలో డీఈహెచ్‌పీ అనేది హార్మోన్ల పనిని చెడగొడుతుంది, జంతువుల మగ కూనల్లో జననాంగాల ఎదుగుదలని దెబ్బతీసింది. తాగే నీళ్లలో లీటరుకి 8 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. యూరప్‌లో పిల్లల బొమ్మల్లో 0.1 శాతం మించనివ్వరు. మనకి అమ్మే పచ్చ పైపు మీద మాత్రం ఏం కలిపారో ఒక్క ముక్క ఉండదు. అది నాకు చాలా బాధగా ఉంది.

పగిలిన పైపులు చివరికి చేరేది బందరు కాలవ గట్టుకే. థాలేట్లు నీళ్లలో పెద్దగా కరగవు, అడుగు బురదని పట్టుకుని ఉండిపోతాయి. కావేరిలో నీళ్లలోనూ, అడుగు మట్టిలోనూ ఇవి దొరికాయి. మన పైపుల్లోకి వచ్చేది కృష్ణ నీళ్లే, మనం పారేసిందీ ఆ నీళ్లలోకే పోతోంది.

ఇక నల్ల పైపు సంగతి. పాలిథిన్‌కి మెత్తబరిచే మందు అక్కర్లేదు, నాకు కావాల్సింది అదే. నలుపు మీద నీలి గీతలు, పక్కన ఐఎస్ 4984 (నీళ్ల పాలిథిన్ పైపులకి మన దేశ ప్రమాణం నంబరు) అని అచ్చు. నేను అడక్కముందే కొట్టు కుర్రాడు "ఇది చూసుకోండమ్మా" అని వేలు పెట్టి చూపించాడు. అచ్చు లేని రకం చవగ్గా దొరుకుతుంది, తాగే నీళ్లకి తీసుకోవద్దు.

ఇబ్బందులూ ఉన్నాయి. చుట్టచుడితే ఎగిరి లేస్తుంది, మలుపుల్లో నలుగుతుంది. కుళాయికి ఎక్కించడం మొదటిరోజు పెద్ద టెన్షనే. చివర మరిగే నీళ్లలో ముంచితే కాస్త సాగింది, అప్పుడు తోసి క్లిప్పు బిగించాం. ఎండలో పడున్న పైపులో నిలిచిన నీళ్లు ఏ రకమైనా తాగకండి, మొదటి బకెట్టు మొక్కలకి పోయండి.

అయిదుకి నాలుగు స్టార్లు. క్లిప్పు స్టీలుది అడిగి తీసుకోండి, మామూలుది తుప్పు పడుతుంది.