జాగ్రత్త: హైవే పక్క రేకుల కొట్టులో అడ్వాన్స్ ఇవ్వకండి

గాజువాక, మల్కాపురం వైపు ఇంటికి రేకులు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఇది చదవండి. హైవే పక్కన పెద్ద కొట్టు, ఏదో మీకు తెలుసు. సరుకు బండెక్కకుండా అక్కడ ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఆదివారం హుద్‌హుద్ తుఫాను ఏం చేసిందో చెప్పే ఓపిక లేదు, మీ ఇళ్లలోనూ అదే కదా. మధ్యాహ్నం గాలి కాసేపు ఆగితే గండం గడిచిందనుకున్నాం. తర్వాత ఎదురు వైపు నుంచి కొట్టిన గాలికి రేకులన్నీ లేచిపోయాయి. అమ్మ, పిల్లలు టార్పాలిన్ కింద ఉన్నారు. కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయవు, పాల ప్యాకెట్ 50 రూపాయలకు కొన్నాం.

బుధవారం అమ్మ బియ్యం డబ్బాలో దాచుకున్న 3,000 తీసుకెళ్లి అడ్వాన్స్ ఇచ్చాను. కొట్టు ఓనరు రేకు 650 అన్నాడు. 12 రేకులు పక్కకు తీయించి, పై రేకు మీద చాక్‌పీసుతో నా పేరు రాయించాడు. "శుక్రవారం బండి తెచ్చుకో తమ్ముడూ, ఇవి నీవే" అన్నాడు.

ఇవాళ ట్రాలీ ఆటో తీసుకుని వెళ్లేసరికి ఆ రేకులు వేరేవాళ్ల బండిలోకి ఎక్కుతున్నాయి. కూలీ చేత్తో తుడిచినా నా పేరులో సగం ఇంకా కనిపిస్తూనే ఉంది! "అన్నా, అవి నావి" అని చూపించాను. ఓనరు మొహం కూడా ఇటు తిప్పలేదు. "ఇవాళ రేటు 1,200. కావాలంటే తీసుకో, లేదంటే పక్కకి జరుగు." 15-10-2014 తేదీ వేసి ఇచ్చిన చీటీ తీస్తే, "ఇందులో రేటు ఎక్కడుంది?" అన్నాడు. నిజంగానే లేదు. ఆరోజే రాయమని అడగాల్సింది. అంత మంచిగా మాట్లాడిన మనిషిని అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను, అది నా తప్పే.

డబ్బు వెనక్కి ఇమ్మంటే 500 కోసుకుని 2,500 ఇచ్చాడు. సరుకు రెండు రోజులు ఆపినందుకని చెప్పాడు. ఆపితే కదా! ఇంట్లో పెద్దావిడ ఉంది అన్నా అంటే, అందరి ముందూ "తుఫాను నేను తెప్పించానా?" అన్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆ మాటే చెవిలో మోగుతోంది. మిగిలిన డబ్బు అమ్మ చేతిలో పెట్టడానికి మొహం చెల్లలేదు.

ఎక్కడ కొన్నా రేటు, అడుగులు, లెక్క చీటీ మీద రాయించుకోండి. వెంటనే బండెక్కించుకోండి.

మాకు 10 అడుగులవి 12 కావాలి. సరైన రేటుకు ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి, అనకాపల్లి దాకా అయినా వస్తాను.