బాల్కనీలో నాగ మిరప: నాలుగేళ్ల తర్వాత

ముందుగా వాసన గురించి చెప్పాలి. ఈశాన్యంలో పండే నాగ మిరప మాట ఎత్తిన ప్రతివారూ కారంతో మొదలుపెట్టి కారంతోనే ముగిస్తారు. 2007లో ప్రపంచంలోకెల్లా కారమైన మిరపగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన సంగతి, కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో పది లక్షలు దాటిన సంగతి అందరికీ తెలుసు. తర్వాత కరోలినా రీపర్, 2023లో పెప్పర్ ఎక్స్ అనే మిరపలు వచ్చి దాన్ని బాగా వెనక్కి నెట్టిన సంగతీ తెలుసు. హైదరాబాదులో మా మూడో అంతస్తు బాల్కనీలో నాలుగేళ్లుగా విత్తనం వేసి పెంచుతున్న నాకు ఆ అంకెలతో ఇప్పుడు పెద్దగా పని లేదు. పండిన కాయను తొడిమ దగ్గర తుంచగానే వేళ్లకు అంటే పరిమళం కోసమే ఇంత శ్రమా పడుతున్నాను.

నేను మిరప పండే ఊళ్లో పుట్టాను. సత్తెనపల్లి దగ్గర మాది. కల్లంలో ఆరబోసిన ఎండుమిరప ఘాటు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. గుంటూరు యార్డు పక్కగా వెళుతుంటే గొంతు పట్టేసే గాలీ తెలుసు. కానీ ఎండబెట్టని మిరపకాయకు ఇలాంటి సువాసన ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. కోస్తే బాగా ముగ్గిన జామ, కొంచెం పనస, ఆ వెనక నారింజ తొక్క నలిపినట్టు ఒక పులుపు వాసన. గది అంతా తెలుస్తుంది. కారం తర్వాత వస్తుంది, అదీ వెంటనే కాదు. నాలుకను దాటి గొంతులోకి దిగాక మెల్లగా మొదలై పెరుగుతూ పోతుంది. ఆ లోపు దొరికే క్షణాల్లో వాసన అంతా రుచిగా మారుతుంది.

మొదటి ఏడాది నాకు ఇదేమీ తెలియలేదు. పొట్లం మీద ఎర్రటి ముడతల కాయ బొమ్మ చూసి డబ్బు పెట్టి కొన్న విత్తనాలు మామూలు సన్న మిరపలై తేలాయి. ఆరు నెలలు నీళ్లు పోసి, ఎరువు వేసి, చివరికి వీధి చివర బండి మీద దొరికే కాయలు కోసుకున్నాను. విత్తనం మోసం మొలకప్పుడు తెలియదు, నారప్పుడూ తెలియదు, కాయ పడ్డాకే తెలుస్తుంది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. అందుకే విత్తనాల పొట్లం కొనవద్దనీ, కాయ సంపాదించి అందులోంచి గింజలు తీసుకొమ్మనీ అడిగిన వాళ్లందరికీ చెబుతాను. నాకు నాగాలాండ్‌లోని దిమాపూర్ నుంచి వచ్చే సహోద్యోగి ఒకరు నాలుగు పండుకాయలు కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చారు. వాళ్లు దాన్ని రాజా మిర్చా అంటారు. నాగా మిర్చా పేరుతో దీనికి 2008లోనే ఆ ప్రాంతపు పంటగా భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అఖుని అనే పులియబెట్టిన సోయా గింజలతో కలిపి నూరితే ఎలా ఉంటుందో ఆవిడ వర్ణిస్తుంటే ఆ రోజే పెంచాలని నిర్ణయించుకున్నాను.

మొలకెత్తించడం గురించి అప్పట్లో చాలా గొప్పగా చెప్పుకున్నాను, ఇప్పుడు కొంత సవరించాలి. మన మిరప వారం పది రోజుల్లో మొలుస్తుంది. ఇది ఒక్కోసారి నెల పడుతుంది, పైగా దీనికి 27 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. జనవరిలో హైదరాబాదు రాత్రుళ్ల చలికి మొదట వేసిన పది గింజలూ మట్టిలోనే కుళ్లిపోయాయి. మిగిలిన వాటిలో పది గింజలను తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, టీవీ సెట్‌టాప్ బాక్సు మీద ఉంచాను. పదమూడో రోజున మొదటిది పగిలింది, చివరిది ముప్పై ఒకటో రోజున. పదింటికి తొమ్మిది మొలిచాయని అందరికీ చెప్పాను. నిజమే, కానీ అవి కాయలోంచి తీసి నెల తిరగని గింజలు. వాటిలోనే దాచిన మరో పది మరుసటి ఏడాది అదే బాక్సు మీద పెడితే నాలుగే వచ్చాయి. ఇప్పుడైతే ఆ తంటా లేకుండా జూన్‌లోనే వేస్తున్నాను. అప్పటి ఉక్కే చాలు.

అసలు చెప్పాల్సింది తొమ్మిది మొలిచిన ఆ ఏడాది ఆగస్టు గురించి.

తొమ్మిది నారులో నాలుగు పంచిపెట్టి ఐదు ఉంచుకున్నాను. ఏప్రిల్‌లో వచ్చిన పూత ఎండకు మొత్తం రాలిపోయింది. అది సహజమేనని సర్దుకున్నాను. వానలు పడ్డాక మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఆగస్టు చివర వారం రోజులు ముసురు పట్టింది. ముసురు విడిచాక చూస్తే చిగుళ్లన్నీ వికారంగా మారిపోయి ఉన్నాయి. లేత ఆకులు ముడుచుకుపోయాయి, పట్టుకుంటే పెళుసుగా విరిగాయి, మొగ్గలు పిన్నుల తలలంతే ఉండి రాలుతున్నాయి. పురుగు కనిపించదు. వేపనూనె కొట్టాను, మార్పు లేదు. రెండు రోజులు ఫోన్‌లో చదివి చదివి ఇది వైరస్ వల్ల వచ్చే బొబ్బర తెగులేనని తేల్చుకున్నాను. దానికి మందు లేదు, మొక్క పీకేయాల్సిందే అని రాసి ఉంది. ఎనిమిది నెలల శ్రమ. పీకి వేయడానికి సంచి కూడా తెచ్చి బాల్కనీలో పెట్టుకుని, ఎందుకో మనసొప్పక అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ నలభై ఏళ్లు మిరప చేలో పనిచేసిన మనిషి. నేను బొబ్బర అనగానే నమ్మలేదు.

"ముడత పైకా, కిందికా?"

అంతవరకు ఆ ప్రశ్న నాకు తోచలేదు. వెళ్లి చూశాను. ఆకు అంచులు కిందికి వంగి, పడవను బోర్లించినట్టు ఉన్నాయి.

"కాడ చూడు. పొడుగ్గా సాగిందా, ఎలుక తోకలాగా?"

సాగింది.

"అయితే నల్లి పట్టింది తల్లీ. పైముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే నల్లి. బొబ్బరైతే మొక్క మొత్తం గిడసబారి, ఆకులు చిన్నవై గుబురుగా కుంచించుకుపోతుంది. పీకకు. చిగుళ్లు కోసేసి గంధకం కొట్టు."

రెండు ప్రశ్నలతో ఆవిడ తేల్చిన దాన్ని నేను రెండు రోజుల చదువుతో తప్పుగా తేల్చాను. ఆ నల్లి మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే అతి సన్నటి జీవి, కంటికి ఆనదు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో ఆకు అడుగున వెతికితే గాజు పలుకుల్లాంటివి ఏవో కదిలినట్టు అనిపించింది, అంతే.

నీటిలో కరిగే గంధకం కోసం పురుగుమందుల దుకాణానికి వెళితే, అక్కడి పెద్దాయన ముందు ఇంతకుముందు ఏం కొట్టావని అడిగాడు. వేపనూనె అన్నాను. రెండు వారాలు ఆగమన్నాడు. నూనె మీద గంధకం పడితే ఆకు మాడిపోతుందట. అడగకపోతే నేనే చంపుకునేదాన్ని. ఆ రెండు వారాలు నాకు బాగా గుర్తు. ప్రతి కొమ్మా జానెడు మేర కోసి, కోసిన ముక్కలు సంచిలో కట్టి పారేశాను. కత్తెరను స్పిరిట్‌తో తుడిచాను. రోజూ ఉదయం ఆకుల అడుగు భాగాన్ని నీటి తుంపరతో కడిగాను. మొక్కలు మోడుల్లా నిలబడ్డాయి. తర్వాత లీటరుకు మూడు గ్రాముల చొప్పున, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టాను, పది రోజులకు మరోసారి. రెండు మొక్కలు దక్కలేదు. మిగతా మూడింట్లో ఒకదానికి మొదటిసారి కొట్టిన పన్నెండో రోజున కణుపు దగ్గర చిగురు వేసింది. ఆకు విప్పుకున్నప్పుడు చదునుగా, ఏ వంకరా లేకుండా ఉంది. ఆ ఆకును నేను ఎంతసేపు చూశానో చెప్పలేను.

నవంబరులో పూత నిలిచింది. డిసెంబరు మూడో వారంలో మొదటి కాయ ఎర్రబారింది. కోసి మధ్యకు చీల్చగానే ఆ వాసన మొదటిసారి తెలిసింది. నాలుగు కాయలు కాగితంలో వచ్చినప్పుడు అవి ప్రయాణంలో వాడిపోయి ఉన్నాయి కాబట్టి ఇంత ఉంటుందని నాకు తెలియదు. సంక్రాంతికి వచ్చిన అమ్మకు ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది మిరపకాయేనా? పండులా ఉందే" అంది. ఆ మాట తర్వాత నాకు ఎవరి మెప్పూ అక్కరలేకపోయింది.

వంటలో ఒక విషయం ఆలస్యంగా నేర్చుకున్నాను. తాలింపులో వేస్తే పరిమళం పోయి ఘాటు మాత్రం ఇల్లంతా నిండుతుంది, అందరూ దగ్గుతారు. పండుమిరప గోంగూర నూరేటప్పుడు కిలో పండుమిరపకు రెండే నాగ కాయలు, అదీ చివర్లో వేయించకుండా వేసి నూరాలి. పప్పులో అయితే దించాక గోరంత ముక్క వేసి మూత పెట్టాలి. కోసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. ఒకసారి మానేస్తే రాత్రి దాకా వేళ్లు మండాయి. సబ్బుతో పోలేదు. ఆ కారం నూనెలో కరిగేది కాబట్టి ముందు వంటనూనె రుద్దుకుని, తర్వాత సబ్బు వాడితే తగ్గింది. నోరు మండితే నీళ్లకన్నా పెరుగే మేలు.

మొదట్లో నేను చెప్పిన మాట మరొకటి కూడా వెనక్కి తీసుకోవాలి. మంచి కాయ ఒక్కటి దొరికితే చాలు, ఆ పైన విత్తనం మన ఇంట్లోదే అని ధీమాగా చెప్పేదాన్ని. మూడో ఏడాది నా కాయల గింజలు కూడా వేశాను. మొలిచాయి, పెరిగాయి, నల్లి కూడా పట్టలేదు. కానీ ఐదింట్లో మూడు మొక్కల కాయలు పొడుగ్గా, నున్నగా వచ్చాయి. నాగ మిరపకు ఉండే గరుకు తోలు లేదు. కారం ఉంది, మనిషిని కూర్చోబెట్టేంత ఉంది. వాసన లేదు. పక్క కుండీలోనే ఊరి నుంచి తెచ్చిన గుంటూరు మిరప పెట్టుకున్నాను. తేనెటీగలు తమ పని తాము చేశాయి, పుప్పొడి కలిసిపోయింది. కారం తగ్గినా నాకింత బాధ ఉండేది కాదు. ఆ మూడింటినీ వాచ్‌మన్ ఇంటికి ఇచ్చేశాను, వాళ్లకు నచ్చాయి.

ఎవరైనా పెంచవచ్చా అని అడిగితే నా పరిస్థితి చెప్పి ఊరుకుంటాను. మాది తూర్పు బాల్కనీ, ఉదయం ఎండ దండిగా పడుతుంది, మధ్యాహ్నానికి నీడ. ఇంట్లో చిన్నపిల్లలు లేరు. ఉంటే చేతికందే ఎత్తులో ఈ కాయను ఉంచేదాన్ని కాను. ఫోన్ చేస్తే ముడత పైకా కిందికా అని అడిగే అమ్మ ఉంది. ఇద్దరున్న ఇంటికి ఒక్క మొక్క చాలు, బాగున్న ఏడాది అరవైకి పైగా కాయలు కోశాను, సగం పంచిపెట్టాను. రెండో ఏడాదికీ మొక్క బతుకుతుంది, కానీ కుండీలో కాయ చిన్నదవుతుంది, వాసన మాత్రం అలాగే ఉంది. కారం మాత్రమే కావాలనుకునే వారికి ఇంత ఓపిక దేనికో నాకు తెలియదు.

నిరుడు మళ్లీ దిమాపూర్ కాయలతోనే మొదలుపెట్టాను. గుంటూరు మిరపను మేడ మీదికి మార్చాను. నాగ మొక్కల మీది మూడు మొగ్గలకు, వేరే పుప్పొడి చేరకుండా, విచ్చుకోకముందే పల్చటి గుడ్డ సంచులు కట్టి, పూసినప్పుడు కొమ్మను మెల్లగా తట్టి, కాయ కట్టాక సంచి తీసి దారం గుర్తు పెట్టాను. ఒకటి రాలింది, రెండు నిలిచాయి. వాటి గింజలు ఈ జూన్‌లో వేశాను, పన్నెండుకు ఎనిమిది మొలిచాయి. ఇప్పుడు నాలుగేసి ఆకుల మీద ఉన్నాయి. డిసెంబరులో మొదటి కాయ చీల్చి చూడాలి.