రియో గ్రాండే లోయ: వంతెనా, వైల్డ్ రివర్సా, నది ఒడ్డా?

వేసవి వస్తే చాలు, డెన్వర్ నుంచో డల్లాస్ నుంచో ఎవరో ఒకరు అడుగుతారు: "అమ్మానాన్నలు వచ్చారు, న్యూ మెక్సికో వెళ్తున్నాం, టావోస్ దగ్గర లోయ ఎక్కడ నుంచి చూస్తే బాగుంటుంది?" పోయిన జూన్‌లో మేమూ మా పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చాం. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

చాలామంది టావోస్ దగ్గర రియో గ్రాండే నది లోయ మీద కట్టిన వంతెన చూసి వెనక్కి తిరుగుతారు. 1965లో పూర్తయింది, నదికి 565 అడుగుల ఎత్తున ఉంటుంది. చదునుగా సాగే మైదానం ఉన్నట్టుండి కాళ్ళ ముందు నిట్టనిలువునా చీలిపోతుంది. చూడాల్సిందే, కానీ అరగంట చాలు. వంతెన మీద నడవనిస్తున్నారో లేదో ముందే కనుక్కోండి.

అసలు ఎంచుకోవాల్సింది మిగతా రెండింటిలో: ఉత్తరాన లోయ అంచున వైల్డ్ రివర్స్, దక్షిణాన నది ఒడ్డున ఒరియా వెర్దే. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: దిగితే మళ్ళీ ఎక్కగలరా?

వైల్డ్ రివర్స్ అనే ఉత్తర భాగానికి క్వెస్టా దాటి, సెర్రో ఊరి మీదుగా వెళ్ళాలి. అక్కడ లోయ లోతు దాదాపు 800 అడుగులు. లా హుంటా, బిగ్ ఆర్సెనిక్ బాటలు కిందికి దిగుతాయి. దూరం మైలుకు అటూ ఇటూ, అంతే. అది చూసి మోసపోకండి. దిగేటప్పుడు శ్రమ తెలియదు. తిరిగి ఎక్కడమంటే 80 అంతస్తుల మేడ ఎక్కినట్టే, అదీ సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తులో. మోకాళ్ళ నొప్పులు, బీపీ ఉన్నవాళ్ళను దింపొద్దు. నేనొక్కడినే బిగ్ ఆర్సెనిక్ దిగాను. రాళ్ళ సందుల్లోంచి చల్లటి ఊటలు ఉరుకుతుంటే కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఎక్కేటప్పుడు మాత్రం నాలుగడుగులకోసారి ఆగాను. నీళ్ళు మనిషికి రెండు లీటర్లకు తగ్గకూడదు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మొదలవుతాయి, పొద్దున్నే దిగి ఎక్కేయండి.

అయినా నా ఓటు వైల్డ్ రివర్స్‌కే, దిగకపోయినా సరే. లా హుంటా అంటే స్పానిష్‌లో కలయిక. రెడ్ రివర్ వచ్చి రియో గ్రాండేలో కలిసే చోటు అది. కారు దిగి కాస్త నడిస్తే అంచు మీద నుంచి సంగమం మొత్తం కనిపిస్తుంది. అమ్మ అక్కడే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. నాన్న ఓ నల్లరాయి మీద కూర్చుని దాని బొక్కల్లో వేలు పెట్టి, "ఇవెలా పడ్డాయిరా?" అన్నారు. లావా గట్టిపడుతున్నప్పుడు లోపలి వాయువుల బుడగలు అలాగే నిలిచిపోయాయని చెప్పాను. గండికోటలా ఉంటుందా అని అడిగేవాళ్ళకు కూడా జవాబు ఆ రాయే. గండికోటవి ఎర్రటి అవక్షేప శిలలు. ఇది ఆదిలాబాద్ వైపు కనిపించే దక్కన్ రాయిలాంటి బసాల్ట్, కాకపోతే వయసులో చాలా చిన్నది. భూమి పొర సాగి చీలిన చోట లక్షల ఏళ్ళపాటు లావా పొరలు పొరలుగా పరుచుకుంది, తర్వాత నది దాన్ని కోసుకుంటూ దిగింది.

2013లో ఈ చుట్టుపక్కల దాదాపు 2,42,500 ఎకరాలను జాతీయ స్మారకంగా (నేషనల్ మాన్యుమెంట్, అంటే రక్షిత ప్రాంతంగా) ప్రకటించారు. నేషనల్ పార్కుల్లోలా షటిల్ బస్సులూ తినుబండారాల కొట్లూ ఉంటాయనుకోవద్దు. పులిహోర కట్టుకునే వెళ్ళండి.

దక్షిణాన పిలార్ దగ్గరి ఒరియా వెర్దేలో ఈ ఎక్కిదిగే బాధే లేదు. రోడ్డు నది పక్కనే పోతుంది, కారు ఆపి పది అడుగులు వేస్తే నీళ్ళు. పసిపిల్లలు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు ఉంటే ఆలోచించకుండా ఇటే వెళ్ళండి. పై నుంచి చూసినప్పుడు గుండె జల్లుమనే ఆ లోతు మాత్రం ఇక్కడ ఉండదు. రాఫ్టింగ్ అంటారా, టావోస్ బాక్స్ అనే, లోయ లోపల ఉధృతంగా పారే నది భాగం వరద రోజుల్లో అనుభవం ఉన్నవాళ్ళకే.

రెండు రోజులుంటే మొదట వైల్డ్ రివర్స్, మర్నాడు ఒరియా వెర్దే. మేము అలాగే వెళ్ళాం. పిలార్ దగ్గర అమ్మ మడమల వరకు నీళ్ళలో దిగి, దోసిట్లోకి తీసుకుని, "నిన్న పైనుంచి చూసిన రెండు నదులూ ఇవేగా?" అంది. అవునన్నాను. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుని, నాన్న మీదా చల్లింది.